వరుస క్రమంలో వరద

రేడియోలో ఎవరు ముందు మాట్లాడాలి అన్న ప్రశ్నకి మా జిల్లా కనిపెట్టిన సమాధానం: ఎవరి జీతం ఎక్కువో వాళ్లు. ఇది నేను వెటకారంగా అంటున్న మాట కాదు, సర్క్యులర్‌లో ఉన్న మాట. కాకపోతే అందులో "వేతన శ్రేణి మరియు తత్సంబంధిత సర్వీసు జ్యేష్ఠతను అనుసరించి" అని ఇంకొంచెం అందంగా ఉంటుంది.

మొదటినుంచీ చెబుతాను, ఎందుకంటే మొదట్లో అంతా బాగానే ఉంది, అసలు నాకైతే చాలా చాలా బాగుంది. నాకు రేడియో పిచ్చి. విశాఖపట్నంలో ఇంజనీరింగ్ చదువుతూనే, ఔత్సాహికులకిచ్చే హామ్ రేడియో లైసెన్సు తెచ్చుకున్నాను. అపార్ట్‌మెంట్ మేడ మీద నేను కట్టిన యాంటెన్నా మీద పై అంతస్తు వాళ్లు తడి చీరలు ఆరేసేవాళ్లు, అయినా ఆ చీరల్లోంచే నా గొంతు సముద్రాలు దాటింది. అందుకే గోదావరి పక్కనున్న ఈ జిల్లావాళ్లు "వరదొస్తే ఫోన్లు పోతున్నాయి, వైర్లెస్ సెట్లు కొన్నాం, నడిపేవాళ్లు కావాలి" అని మా రేడియో క్లబ్బుకి ఉత్తరం రాయగానే, మిగతావాళ్లు ఆ ఉత్తరం చదివే లోపే నేను బస్సెక్కేశాను.

కలెక్టరేటు వెనకాల, పాత స్టేషనరీ గదిలో నాకొక బల్ల, ఒక సెట్టు, ఒక ఫ్యాను ఇచ్చారు. ఫ్యాను తిరిగితే సెట్టులో బుర్రుమని శబ్దం వచ్చేది కాబట్టి ఫ్యాను ఆపేశాను. నేను కంట్రోల్ స్టేషన్. అంటే, జిల్లాలో ఉన్న సెట్లన్నీ ఒకే ఫ్రీక్వెన్సీ మీద ఉంటాయి, ఒకరు మాట్లాడుతుంటే మిగతా అందరూ వినాలి, ఇద్దరు ఒకేసారి మాట్లాడితే ఎవరిదీ వినపడదు. అందుకని ఎవరు ఎప్పుడు మాట్లాడాలో కంట్రోల్ చెబుతుంది. అందరూ కలిసి ఇలా వంతులవారీగా మాట్లాడుకోవడాన్ని నెట్ అంటారు. నెట్ నడపడమంటే నా దృష్టిలో సంగీత కచేరీ నడపడమంత పని.

మొదటి డ్రిల్లు రోజు మైకు దగ్గరికి జరిగి, "కంట్రోల్ నుంచి అన్ని స్టేషన్లకీ. అత్యవసర సందేశం ఉన్నవాళ్లు ముందుగా చెప్పండి. ఓవర్," అన్నాను. నా జీవితంలో అంతకన్నా అందమైన వాక్యం నేను అనలేదు.

వెంటనే ఒక గొంతు ఊడిపడింది.

"హలో, మైక్ టెస్టింగ్, వన్ టూ త్రీ. ఆయ్, కొంగలంక నుంచండి, పల్లేటి ధనరాజునండి. పెళ్లిళ్లకీ జాతర్లకీ మైకు సెట్లు అద్దెకిత్తానండి. గోదారి మద్దెనున్న మా లంకలో ఈ సెట్టు నాకిచ్చారండి."

"కొంగలంక, మీ సందేశం మాత్రమే చెప్పండి. ఓవర్."

"సందేశమేం లేదండి. ఇనపడతందా లేదా అని. మీ గొంతు బాగుందండి మేడంగారు, కాకపోతే పరిగెడతన్నారు. కొద్దిగా ఆగి, ఊపిరి తీసుకుని చెప్పండి. జనానికి చేరుద్ది."

మిగతా స్టేషన్లు ఒకదాని తర్వాత ఒకటి పలికాయి. ఏటిగట్ల ఇంజనీరు గారు పలికారు, ఆసుపత్రి పలికింది, లంకలన్నీ పలికాయి. నేను తెచ్చుకున్న టీ చల్లారే లోపు జిల్లా మొత్తం హాజరు వేసేసింది. నాకు ఎగరాలనిపించింది. కుర్చీలో కూర్చునే కొంచెం ఎగిరాను కూడా.

మధ్యాహ్నానికల్లా మీటింగుకి రమ్మన్నారు.

జిల్లా విపత్తు సమన్వయాధికారి శేషాచలపతి గారు చాలా మర్యాదస్తులు, ఎవరినీ గట్టిగా కసరరు. ఆయన పక్కన సూపరింటెండెంటు మాచిరాజు గారు కూర్చుంటారు. చలపతి గారు అన్నదాన్ని రూలుగా మార్చడం ఆయన పని. ఎదురుగా ఏటిగట్ల ఇంజనీరు గారు మొహం పక్కకి తిప్పుకుని ఉన్నారు.

"మైకు సెట్లు అద్దెకిచ్చే మనిషి తర్వాత నన్ను పిలిచారు," అన్నారాయన కిటికీతో. "నాకు వ్యక్తిగతంగా ఏమీ లేదు. ఇది కుర్చీకి జరిగిన అవమానం."

"సార్, ఆయన ముందు పలికారు," అన్నాను.

"ముందు పలికితే ముందువాడు అయిపోతాడా అమ్మా?" అన్నారు చలపతి గారు మెల్లగా. "పలకడం వేరు, పలకనివ్వడం వేరు."

ఉదాహరణ చెబితే అర్థమవుతుందని నాకు గట్టి నమ్మకం. "సార్, పెళ్లివారి విడిదిలో ఒకటే బాత్రూం ఉందనుకోండి. కంట్రోల్ అంటే ఆ తలుపు దగ్గర నిలబడ్డ మనిషి. ఎవరికి అర్జెంటో వాళ్లని ముందు పంపిస్తుంది. అంతే సార్."

చలపతి గారు కళ్లు మూసుకుని నిజంగానే ఆలోచించారు. తర్వాత కళ్లు తెరిచి, "విడిదిలో ముందు వియ్యంకుడు గారు వెళతారమ్మా," అన్నారు. "అర్జెంటు ఉన్నా లేకపోయినా."

గదిలో ఉన్న అధికారులందరూ తలూపారు. మాచిరాజు గారు రాసుకున్నారు. మొదటి సర్క్యులర్ పుట్టింది అలాగే.

ఇకమీదట స్టేషన్లని జీతాల వరుసలో పిలవాలి. "కంట్రోల్ నుంచి ఏటిగట్టు" అనకూడదు, "గౌరవనీయులైన కార్యనిర్వాహక ఇంజనీరు గారు, ఏటిగట్లు మరియు మురుగు కాలువల విభాగం" అని సంపూర్ణంగా అనాలి. వారు "హాజరు" అన్నాక "ధన్యవాదములు" అనాలి. కొంగలంక వగైరా లంకలన్నీ అట్టడుగున "ఇతరములు" అనే శీర్షిక కింద చేరాయి. అందులోనూ సొంత వ్యాపారం చేసుకునేవాడు కాబట్టి, జీతమే లేదు కాబట్టి, ధనరాజు అందరికన్నా చివర.

నేను సర్దుకున్నాను. కొత్తగా ఏ నెట్ అయినా కుదురుకోవడానికి సమయం పడుతుందని పుస్తకాల్లో చదివాను.

రెండో డ్రిల్లులో ఒక చిక్కు వచ్చింది. పశువుల వైద్యాధికారి గారు, మత్స్యశాఖాధికారి గారు ఒకే రోజున ఒకే జీతంతో ఉద్యోగంలో చేరారట. ఎవరిని ముందు పిలిచినా రెండోవారికి మనస్తాపం. మాచిరాజు గారు రెండు సర్వీసు రిజిస్టర్లూ తిరగేసి చూసి, ఇద్దరినీ ఒకేసారి పిలవమని తేల్చారు. పిలిచాను. ఇద్దరూ ఒకేసారి బటన్ నొక్కి ఒకేసారి మాట్లాడారు. సెట్టులోంచి పిల్లి తోక తలుపులో నలిగినట్టు ఒక కీచు శబ్దం వచ్చింది.

"ఏమన్నారు?" అని అడిగారు చలపతి గారు.

"ఇద్దరూ కలిసి మాట్లాడితే ఏమీ వినపడదు సార్."

"కానీ ఇద్దరికీ సమానంగా వినపడలేదు కదా?"

"సమానంగానే సార్."

"అదీ కావలసింది," అన్నారాయన. ఆ కీచు శబ్దానికి ఎదురుగా పశువైద్యం, మత్స్యశాఖ రెండూ హాజరు అని మాచిరాజు గారు రాశారు.

మూడో డ్రిల్లులో ఖాళీ పోస్టుల సంగతి వచ్చింది. జిల్లాలో వరుసలో రెండో స్థానం "ప్రత్యేకాధికారి, వరద సహాయం" అనే పోస్టుది. నేను చదువుకునే రోజులనుంచీ అది ఖాళీగానే ఉందట. మనిషే లేడు కదా అని నేను దాన్ని దాటేసి మూడో పేరు పిలిచాను. మాచిరాజు గారు బల్ల మీద చెయ్యి వేసి నన్ను ఆపారు.

"దాటేస్తావేంటమ్మా? పిలవకపోతే ఆర్థిక శాఖవాళ్లు ఈ పోస్టుతో పని లేదనుకుని రద్దు చేసేస్తారు."

"మరి పిలిస్తే ఎవరు పలుకుతారండీ?"

"ఎవరూ పలకరు. అయినా పిలవాలి. పిలిచి, అంత పెద్ద పోస్టు కాబట్టి ఒక నిమిషం గౌరవంగా ఆగాలి. ఆ నిమిషం ఆ పోస్టుది. తర్వాత ఖాళీ అని రాసి ముందుకెళ్లాలి."

అలా నెట్‌లో మనుషులతో పాటు లేని మనుషులకి కూడా వంతులు వచ్చాయి. లేనివాళ్లు ఉన్నవాళ్లకన్నా క్రమశిక్షణగా ఉండేవాళ్లు.

ఆ తర్వాత ఆలస్యంగా వచ్చేవాళ్ల రూలు వచ్చింది. పై స్థానంలోని అధికారి ఎవరైనా నెట్ మధ్యలో సెట్టు ఆన్ చేస్తే, కిందివాళ్ల తర్వాత వారిని పిలవడం మర్యాద కాదు కాబట్టి, హాజరు మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాలి. అత్యవసర సందేశాల రూలు కూడా వచ్చింది, దాన్ని నేను అక్షరం పొల్లు పోకుండా రాస్తాను: "అత్యవసర సందేశము కలవారు తమ వంతు వచ్చినపుడు అత్యవసరముగా మాట్లాడుటకు అనుమతి కోరవలెను. సదరు అనుమతి తదుపరి నెట్‌లో తెలియజేయబడును." వంతు రాకుండా మాట్లాడినవాళ్ల సెట్టు స్వాధీనం చేసుకుంటారు, అని ఇంకో రూలు.

ఇన్ని రూల్సు వచ్చాక ఏ డ్రిల్లులోనూ వరుస అట్టడుగు వరకూ వెళ్లలేదు. ఎవరో ఒకరు టిఫిను చేసి వచ్చి సెట్టు ఆన్ చేసేవారు, నేను మళ్లీ మొదటికి వెళ్లేదాన్ని. ఒకరోజు సాయంత్రం ధనరాజు ఫోన్ చేశాడు.

"మేడంగారు, నా వంతు ఎప్పుడండి? పొద్దున్నించీ సెట్టు ముందు కూకున్నాను. మా ఆవిడ అన్నం కూడా ఇక్కడికే అట్టుకొచ్చింది. ఇరవయ్యేళ్లుగా మైకు పట్టుకుని బతుకుతున్నోణ్ణి, నోరు మూసుకుని వినడం ఇదే మొదలండి."

"మీరు చివర్లో ఉన్నారు ధనరాజు గారూ. ఇతరములు కింద."

"ఇతరములేంటండి, ఇరవై ఊళ్లోళ్లు పిలిస్తే పలికే మడిసిని. సర్లెండి. మద్దెలో ఒక్క ముక్క మాట్లాడనా?"

"వద్దండీ, దయచేసి వద్దు. సెట్టు పట్టుకెళ్లిపోతారు."

"అట్టుకెళ్తే మా లంకకి నోరు లేదండిక," అన్నాడు. "గాలేత్తే ఫోన్ టవరు పడుకుంటది. గోదారొత్తే రోడ్డు మునిగిపోద్ది. ఈ సెట్టొక్కటే ఉందండి మాకు."

"అందుకే చెబుతున్నాను. మీ వంతు వచ్చేదాకా బటన్ నొక్కకండి."

"ఆయ్, అలాగేనండి," అన్నాడు. ఆ మాట తీసుకున్నందుకు తర్వాత నేను చాలా చింతించాల్సి వచ్చింది.

శ్రావణంలో వరద వచ్చింది. పైన ఎక్కడో కురిసిన వానంతా ఒక్కసారి దిగింది. తెల్లవారేసరికి ఫోన్లు పోయాయి. నేను పరుగెత్తుకుంటూ వచ్చి సెట్టు ముందు కూర్చున్నాను, ఇదిగో ఈ రోజు కోసమే కదా ఇదంతా నేర్చుకున్నది అనుకున్నాను. చలపతి గారు మాచిరాజు గారితో వచ్చి పక్కన కూర్చుని, ముందుగా ప్రారంభోపన్యాసం ఇచ్చారు. తర్వాత హాజరు మొదలుపెట్టాను.

మొదటి స్థానంలో ఉన్న జిల్లా ప్రధానాధికారి గారి తరఫున ఆయన సహాయకుడు పలికి, సార్ వీడియో కాన్ఫరెన్సులో ఉన్నారని చెప్పాడు. రెండో స్థానం ఖాళీ, నిమిషం మౌనం. ఇంజనీరు గారు పలికి, "పరిస్థితి పూర్తిగా అదుపులో ఉంది, నీరు మాత్రమే అదుపులో లేదు, కొంగలంక రోడ్డు మీద నీరు ప్రవహించుచున్నది," అని చదివి, ధన్యవాదములు అందుకున్నారు. పశువులూ చేపలూ కలిసి కీచుమన్నాయి. ఇంతలో సర్వే శాఖాధికారి గారు ఆలస్యంగా సెట్టు ఆన్ చేశారు. నేను మళ్లీ మొదటికి వెళ్లాను.

అలా ఎన్నిసార్లు మొదటికి వెళ్లానో నాకు గుర్తులేదు. మధ్యాహ్నం అవుతుండగా, ఇద్దరి మాటల మధ్య ఖాళీలో, టిక్ అని ఒక చిన్న శబ్దం వచ్చింది. ఎవరో బటన్ నొక్కి, ఏమీ మాట్లాడకుండా వదిలేశారు. మళ్లీ టిక్. మాట్లాడకూడదన్నారు కాబట్టి మాట్లాడకుండా పిలుస్తున్న మనిషి ఎవరో నాకు తెలుసు.

"కంట్రోల్ అడుగుతోంది," అన్నాను, వరుస ఆపి. "బటన్ నొక్కుతున్న స్టేషన్ ప్రమాదంలో ఉంటే రెండుసార్లు నొక్కండి."

టిక్ టిక్.

"ఇది నిబంధనలకి విరుద్ధం," అన్నారు మాచిరాజు గారు.

"ఆయన మాట్లాడలేదండీ, నొక్కారు."

మాచిరాజు గారు ఇరుకున పడ్డారు. "నొక్కడం మాట్లాడటం కిందకి రాదు," అని ఒప్పుకున్నారు. "కానీ మాట్లాడే ఉద్దేశం కిందకి వస్తుంది."

ఆయన ఆ విషయం తేల్చుకునేలోపు నేను అడిగేశాను. "కొంగలంకేనా?" టిక్ టిక్. "జనం బడి మేడ ఎక్కారా?" టిక్ టిక్. "నీళ్లు మేడదాకా వస్తున్నాయా?" టిక్ టిక్. "పడవలు కావాలా?" ఈసారి రేకుల మీద వడగళ్లు పడ్డట్టు ఆగకుండా టిక్కులు.

నేను చలపతి గారి వైపు తిరిగాను. "సార్, కొంగలంక మునిగిపోతోంది. ఊరంతా బడి మేడ మీద ఉంది. రేవులో ఇంజను పడవలు కట్టేసి ఉన్నాయి, పొద్దున వస్తూ చూశాను, వాటిని నడిపే సరంగులు పేకాడుకుంటున్నారు. ఒక్క మాట చెబితే బయల్దేరతారు. చీకటి పడితే ఆ ప్రవాహంలో పడవ వెళ్లదు సార్."

"చాలా బాధాకరం," అన్నారు చలపతి గారు, నిజంగానే బాధగా. "కానీ పడవలు విడుదల చేసే అధికారం నాది కాదమ్మా."

"మరెవరిది సార్?"

"ప్రత్యేకాధికారి, వరద సహాయం."

"ఆయన ఎక్కడున్నారు సార్?"

"ఎక్కడా లేరు. పోస్టు ఖాళీ." ఆయన నా కంగారు చూసి ఓదార్చబోయారు. "ధనరాజు వంతు వస్తుంది కదా. అప్పుడు అత్యవసరానికి అనుమతి కోరతాడు. రేపటి నెట్‌లో మనం సానుభూతితో పరిశీలిద్దాం."

"అప్పటికి వంతుంటుంది సార్, లంక ఉండదు."

"నీటిమట్టం ఏటిగట్ల విభాగం పరిధిలోని అంశమమ్మా," అన్నారాయన. "మనం వేరే శాఖ మీద వ్యాఖ్యానించకూడదు."

సరిగ్గా అప్పుడు పరిశ్రమల అధికారి గారు భోజనం ముగించుకుని సెట్టు ఆన్ చేశారు. హాజరు మళ్లీ మొదటికి. మాచిరాజు గారు కాగితం నా ముందుకి తోశారు. మొదటి స్థానం, వీడియో కాన్ఫరెన్సు, ధన్యవాదములు. నా వేలు రెండో వరుస మీదకి వచ్చి ఆగింది.

పడవలు పంపగల ఒకే ఒక్క మనిషి వంతు ఇది. ఆ మనిషి లేడు. నిమిషం మాత్రం ఉంది.

నేను ఆగి, ఊపిరి తీసుకుని, ఒక్కో మాటా విడిగా చెప్పాను. "కంట్రోల్ నుంచి గౌరవనీయులైన ప్రత్యేకాధికారి గారు, వరద సహాయం. సర్క్యులర్ ప్రకారం ఈ నిమిషం పూర్తిగా ఈ పోస్టుది. ఈ నిమిషంలో వచ్చే మాట ఈ పోస్టు మాటగానే నమోదవుతుంది. పడవల మీద అధికారం కూడా ఈ పోస్టుదే. ఎక్కడ ఉన్నా సరే, చెప్పండి సార్. ఓవర్."

బటన్ వదిలాను. సెట్టులో వట్టి హోరు. గోడ గడియారంలో ముల్లు నడుస్తోంది. నేను దాని వైపు చూడలేకపోయాను.

టిక్.

"విజ్ఞప్తి, విజ్ఞప్తి," అంది సెట్టు. జాతరలో పదివేలమందికి వినపడే గొంతు, నిండుగా, నింపాదిగా. "ప్రత్యేకాధికారి, వరద సహాయం, మాట్లాడుచున్నాను. రేవునందు గల ఇంజను పడవలన్నియు తక్షణమే కొంగలంక హైస్కూలు మేడ వద్దకు రావలసినదిగా ఆదేశించడమైనది. ముందుగా ఆడవారు, పిల్లలు, వృద్ధులు ఎక్కవలెను. తోపులాట వద్దు. చెప్పులు పోగొట్టుకున్నవారు ఆఫీసు టెంటు వద్ద..." అక్కడ కొద్దిగా దగ్గి, "ఆ విషయము తరువాత. పడవలు రావలెను. ఓవర్," అంది.

చలపతి గారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. చొక్కా పై గుండీ పెట్టుకున్నారు. జిల్లా అంతటా అధికారులు లేచి నిలబడుతున్న కుర్చీల చప్పుడు నాకు వినపడ్డట్టే అనిపించింది. పశువుల వైద్యాధికారి గారు, మత్స్యశాఖాధికారి గారు ఒకేసారి నమస్కారం పెట్టి ఉంటారు, సెట్టు కీచుమంది.

"సార్, నమస్కారం," అన్నారు ఇంజనీరు గారు, వంతు సంగతే మర్చిపోయి. "తమరు చేరిన సంగతి మాకు తెలియదు. వెనకాల మేకల శబ్దం వస్తోంది సార్?"

"క్షేత్ర పర్యటనలో ఉన్నాను," అంది గొంతు.

చలపతి గారు మాచిరాజు గారి చెవి దగ్గరికి వంగారు. "ఈయన ఎప్పుడు చేరారు?"

"ఫైల్లో లేదు సార్."

"ఫైల్లో లేని మనిషి ఎలా మాట్లాడతాడు?"

మాచిరాజు గారు సర్క్యులర్ తీసి, వేలు పెట్టి చదివారు. "మనం రెండో స్థానాన్ని పిలిచాం సార్. నిమిషం లోపు రెండో స్థానం పలికింది. రూలు ప్రకారం ఎక్కడా తప్పు కనపడటం లేదు."

"ఆయన నాకన్నా సీనియరా?"

"ఒక మెట్టు పైన సార్."

చలపతి గారు ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "అయితే పడవలు వెళ్లనివ్వండి. సీనియర్ ఆదేశం మీద జాప్యం ఏమిటి? చేరిక పత్రం నీళ్లు తీశాక వినయంగా అడుగుదాం."

రేవుకి కబురు వెళ్లింది. పేక ముక్కలు పంచిన చోటే వదిలేసి సరంగులు ఇంజన్లు కొట్టారు.

హాజరు మాత్రం ఆగలేదు. ప్రత్యేకాధికారి గారు వింటున్నారన్న భయంతో ఆ రోజు ఎవరూ ఆలస్యంగా రాలేదు, ఎవరూ టీకి వెళ్లలేదు. చరిత్రలో మొదటిసారి వరుస అట్టడుగుకి చేరింది. "ఇతరములు. కొంగలంక స్టేషన్," అని పిలిచాను. జవాబు లేదు. మూడుసార్లు పిలిచాను. మాచిరాజు గారు ఎర్ర సిరాతో "గైర్హాజరు" అని రాశారు.

ఆ సమయానికి కొంగలంక స్టేషన్ ఆఖరి పడవలో ఉంది. సెట్టుని ప్లాస్టిక్ సంచిలో చుట్టి నెత్తి మీద పెట్టుకుని, ఒళ్లో ఎవరిదో మేకపిల్లతో, నది మధ్యలో. వెలుగు ఉండగానే లంక మొత్తం ఒడ్డుకి చేరింది. నేను పునరావాస కేంద్రానికి పరుగెత్తాను. ధనరాజుని నేను చూడటం అదే మొదలు. పొట్టిగా ఉన్నాడు. ఆ గొంతు ఆ మనిషిలో ఎక్కడ పట్టిందో తెలియలేదు. పక్కన ఆయన భార్య సూర్యకాంతం గారు పిల్లల తలలు తుడుస్తున్నారు.

"ఏమండీ మేడంగారు, ఆపీసరు లెక్కన ఉందాండి నా గొంతు?" అన్నాడు.

"అధికారులు చెప్పులు పోగొట్టుకున్నవాళ్లని పిలవరండీ."

"అలవాటండి, జారిపోయింది. మైకు దొరికితే చెప్పుల మాట రాకుండా ఉండదు."

"ఆపీసరంట ఆపీసరు," అంది ఆవిడ. "ఇంట్లో కూర అట్టుకురమ్మంటే వినపడదు ఈ ఆపీసరుకి."

తర్వాతి వారం సమీక్షా సమావేశం జరిగింది. ప్రత్యేకాధికారి గారి సమయస్ఫూర్తిని అందరూ కొనియాడారు. ఆయన కుర్చీ ఖాళీగా ఉంటే దాని మీదే శాలువా కప్పారు. చేరిక పత్రం కోసం రాజధానికి రాస్తే, ఆ పోస్టులో ఎవరినీ నియమించలేదని జవాబు వచ్చింది. చలపతి గారు ఆ జవాబు రెండుసార్లు చదివి, నెమ్మదిగా తలెత్తి, "ఖాళీగా ఉండే ఇంత పని చేసిన పోస్టుని భర్తీ చేయడం ప్రజాప్రయోజనం దృష్ట్యా సమంజసం కాదు," అన్నారు. మాచిరాజు గారు రాసుకున్నారు. పోస్టుని శాశ్వతంగా ఖాళీగానే ఉంచాలని, వరద సమయంలో ఇతరములన్నిటి మీదా అజమాయిషీ దానికే ఇవ్వాలని తీర్మానం అయింది.

అదే సమావేశంలో రెండో తీర్మానం: వరద రోజున నెట్‌కి గైర్హాజరైన కొంగలంక స్టేషన్ సెట్టు ఎందుకు స్వాధీనం చేసుకోకూడదో సంజాయిషీ అడగాలి.

నేను లేచి నిలబడ్డాను. "సార్, ఆయన పడవలో ఉన్నారు."

"పడవలో ఉంటే పడవ నుంచి హాజరు చెప్పాలమ్మా. ప్రత్యేకాధికారి గారు క్షేత్ర పర్యటనలో ఉండి కూడా పలకలేదూ? ఆయన్ని చూసి నేర్చుకోవాలి."

ధనరాజు సంజాయిషీ రాసి పంపాడు. "మునిగిపోవుచున్నందున రాలేకపోయాను, మన్నించగలరు," అని ఒకటే వాక్యం. మాచిరాజు గారు దాన్ని తిప్పి పంపబోయారు. ఇతరముల సంజాయిషీ నేరుగా రాకూడదట. వాళ్ల మీద అజమాయిషీ ఉన్న అధికారి ద్వారా, ఆయన అభిప్రాయంతో రావాలట. ఆ అధికారి ఎవరో తీర్మానంలోనే ఉంది.

నేను గబగబా అనేశాను. "అయితే రేపటి నెట్‌లో ఆయన్నే అడుగుదామండీ."

చలపతి గారికి ఇది చాలా పద్ధతిగా అనిపించింది. మర్నాడు ఆయన ఇస్త్రీ చొక్కాతో వచ్చి, నా పక్కన నిటారుగా కూర్చున్నారు. మొదటి స్థానం పలికింది. నేను రెండోదాన్ని పిలిచాను.

"గౌరవనీయులైన ప్రత్యేకాధికారి గారు. కొంగలంక స్టేషన్, పల్లేటి ధనరాజు, వరద రోజున హాజరు పలకలేదు. సెట్టు స్వాధీనం విషయమై తమ అభిప్రాయం కోరుతున్నాము. ఓవర్."

హోరు. చలపతి గారు ఊపిరి బిగబట్టారు. నిమిషం సగం దాటింది.

"పరిశీలించాను," అంది ఆ నిండు గొంతు. వెనకాల ఎవరో "కూర మాడిపోతంది, ఇటు రా" అంటున్నారు. "సదరు ధనరాజు నాకు చిన్నప్పటినుంచీ తెలిసినవాడే. కొంచెం వాగుడు తప్ప మనిషి మంచివాడు. సెట్టు అతని వద్దనే ఉంచవలెను. అలాగే కొంగలంకలో ఒక ఇంజను పడవను, సరంగుతో సహా, వానాకాలమంతా కట్టి ఉంచవలెను. ఈ ఆదేశము నేటినుండే అమలు. ఓవర్."

చలపతి గారు నెమ్మదిగా ఊపిరి వదిలారు.

"పడవ సంగతి ముందు రాయండి మాచిరాజు గారూ," అన్నారు గొంతు తగ్గించి. "సార్ చాలా స్ట్రిక్టు."